సూది ఎగిరే చోటు

తాండూరులో రైలు గేటు అవతల, బండలు కొట్టేవాళ్ల వాడలో బుగ్గమ్మను పాటల బుగ్గమ్మ అనేవాళ్లు. గొంతు గొప్పదని కాదు. నిజం చెప్పాలంటే ఆమెది బొంగురు గొంతు. కానీ ఏ పాట జనం నోట నిలుస్తుందో, ఏ పాట వారం తిరక్కముందే ఊడిపోతుందో ఆమె చెబితే చెప్పినట్టే అయ్యేది. ఊరి బయట టూరింగు టాకీసు డేరా వేసిందంటే ఆ వాడ ఆడవాళ్లు సినిమా చూసొచ్చి కథ సంగతి పక్కన పెట్టి, బుగ్గమ్మ ఏ పాట అందుకుంటుందా అని చూసేవాళ్లు. ఆమె లెక్క ఒక్కటే. తెల్లారి అంట్లు తోముతుంటే పిలవకుండా నోట్లోకి వచ్చిందా, అది పాట. ఆలోచించి తెచ్చుకోవలసి వచ్చిందా, అది పాట కాదు, పని.

ఆమె మొగుడు మల్లయ్య నాపరాళ్ల గనిలో బండలు తీసేవాడు. ఆయనకు నాటకాల పద్యాలంటే ప్రాణం. చేతిని చెవి మీద పెట్టుకుని ఒక్క మాట పట్టుకుని గుక్క తిప్పుకోకుండా రాగం తీసేవాడు. "నీ పద్యం మొదలయితె అయ్యేసరికి పొయ్యి మీద బువ్వ మాడిపోతది," అనేది బుగ్గమ్మ. "నీ పాటలకు కాళ్లే ఉంటయి, తలకాయ ఉండదు," అనేవాడు ఆయన. ఇద్దరూ ఒకరి పాటను ఒకరు మెచ్చుకున్న పాపాన పోలేదు. అయినా సంసారం సాఫీగానే నడిచింది.

ఇంత పాటల పిచ్చి ఉన్న మనిషికి ఒకే ఒక్క పాటంటే మాత్రం భయం. ఆ పాట ఆమె పిలవకుండానే వచ్చేది. తన లెక్క ప్రకారం చూస్తే దాన్ని మించిన పాట ఇంకొకటి లేదు. అదే ఆమె కష్టం.

బుగ్గమ్మ పుట్టిల్లు యాలాల. కురుమలు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి బీరమ్మ ఉన్ని వడికేది, అన్న శివయ్య గొంగళ్లు నేసేవాడు. నేసినవి భుజాన వేసుకుని తాండూరు సంతకు పోయేవాడు. సంత ముగిశాక రైలు గేటు దగ్గరి చాయ్ హోటల్లో కూర్చోవడం ఆయనకు అలవాటు. ఆ హోటల్లో చావి తిప్పి పాడించే గ్రామఫోను ఉండేది. హోటలు సేఠ్ దగ్గర ఉన్నవే కొన్ని పాటల ప్లేట్లు. వాటిలో హిందుస్తానీ సినిమా పాట ఒకటుంది, అది మొదలైతే చాయ్ తాగేవాళ్ల కాళ్లు బల్ల కింద ఆడేవి. అందులో ఏముందో శివయ్యకు ఒక్క ముక్క తెలియదు. ఆయనకు వచ్చిన ఉర్దూ గొంగడి బేరానికి సరిపోయేంతే. అయినా ఆ పాటను పట్టుకొచ్చి యాలాలలో పెట్టాడు.

ఆ ప్లేటు మీద ఒక గీత పడి ఉండేది. రెండో చరణం నడుమకు వచ్చేసరికి సూది ఎగిరి అవతల పడేది. ఒక ముక్క మొత్తం పోయి పాట ఇంకో చోట అందుకునేది. శివయ్యకు ఆ సంగతి తెలియదు. పాటే అట్లా ఉందనుకున్నాడు. విన్నది విన్నట్టు, ఎగురుడుతో సహా నేర్చుకున్నాడు. పైగా ఆ ఎగిరే చోట గొర్రెలను మళ్లించేటప్పుడు కొట్టే నాలుక చప్పుడు ఒకటి తనే కలిపాడు. మగ్గం మీద ఉన్ని దారం పరిచి చింతగింజల గంజి పూస్తూ ఈ పాటే కూనిరాగం తీసేవాడు. ఆ చోటుకు రాగానే టక్కున నాలుక కొట్టి అవతలికి దుంకేవాడు.

"నడుమ గట్లెందుకు ఎగురుతదన్నా?" అని బుగ్గమ్మ అడిగింది.

"వాగు అడ్డమొచ్చింది చెల్లే. దుంకొద్దా మరి?" అన్నాడు శివయ్య.

బుగ్గమ్మ కూడా అట్లాగే నేర్చుకుంది. యాలాలలో ఆ వీధి వీధంతా అట్లాగే నేర్చుకుంది.

నలభై ఎనిమిది వానాకాలం నాటికి బుగ్గమ్మ పెళ్లయి తాండూరు వచ్చి ఏడాది కూడా కాలేదు. రోజులు బాగాలేవు. రజాకార్ల భయం ఒకవైపు, మిలిటరీ వస్తుందన్న మాట ఒకవైపు. సంతలు సగం నడిచి సగం ఆగేవి. ఒకరోజు శివయ్య గొంగళ్ల మూట దించి చెల్లెలి ఇంట్లో అన్నం తిన్నాడు. ఇక్కడ కొనేవాళ్లు లేరు, రైలెక్కి వికారాబాద్ పోతానన్నాడు.

"ఇయ్యాల పోకన్నా. ఎవలన్న పట్టుకుంటరు," అంది బుగ్గమ్మ.

"గొంగళ్లోన్ని పట్టుకొని ఏం జేస్తరు? చలి వెడితె కప్పుకుంటరు," అని నవ్వి మూట ఎత్తుకున్నాడు.

రైలు గేటు దాటేదాకా ఆయన ఈల వినిపించింది. ఆ పాటే. నడుమ నాలుక చప్పుడు కూడా వినిపించింది. గేటు అవతల రైలు కూత దాన్ని మింగేసింది. శివయ్య తిరిగి రాలేదు.

మల్లయ్య వికారాబాద్ పోయి అడగని మనిషి లేడు. ఒకరు వాళ్లు పట్టుకుపోయారన్నారు, ఇంకొకరు వీళ్లు పట్టుకుపోయారన్నారు. బీదరు రైలెక్కుతుంటే చూశామన్నవాళ్లూ ఉన్నారు. ఆ రోజుల్లో మనుషులను పట్టుకుపోయేవాళ్లకు కొదవ లేదు, పోయిన వాళ్ల జాడ చెప్పేవాళ్లకే కరువు.

ఆ వైపు చావింట్లో ఆడవాళ్లు ఊరికే ఏడవరు. పోయినవాళ్లను వరుస పెట్టి పిలుస్తూ, వాళ్లు తిన్నదీ తిరిగిందీ చెప్పుకుంటూ రాగం తీస్తారు. శోకం పెట్టడం అంటారు దాన్ని. యాలాల కురుమ ఇళ్లలో ముసలివాళ్లు ఇంకో మాట కూడా అనేవాళ్లు. పోయినవాడికి నువ్వు పోయావని చెప్పేది ఆ శోకమేనట. అది చెవిన పడకపోతే వాడికి తాను పోయిన సంగతి తెలియదు, అయినవాళ్ల గడపల చుట్టూ తిరుగుతూనే ఉంటాడట. మరి బతికున్న వాడికి శోకం పెడితే? ఆ ఏడుపు పోయి వాడి మీదే పడుతుందట.

బుగ్గమ్మ పుట్టింటి గడపలో కాలు పెట్టి "అన్నా" అని మొదలుపెట్టబోతే బీరమ్మ లేచి వచ్చి నోరు మూసింది.

"ఎవలు జెప్పిండ్రే నీకు నా కొడుకు సచ్చిండని? పీనుగను జూసినవా? సూడకుంట శోకం వెట్టి వాని పానం తీస్తవా?"

ఏడుపు గొంతులోనే ఆగిపోయింది. శివయ్య సగం నేసి వదిలిన గొంగడిని బీరమ్మ మగ్గం నుంచి దించి గోడ గూటానికి వేలాడదీసింది. దాన్ని ఎవరినీ పూర్తి చేయనివ్వలేదు. నేసేవాడు వస్తాడు కదా, వాడే నేస్తాడని ఆమె మాట.

అప్పటి నుంచి ఆ పాట బుగ్గమ్మను పట్టుకుంది. దీపం ముట్టించే వేళకు వచ్చేది. ముందు నోట్లో మెదిలేది, తర్వాత బయటి నుంచి వినిపించినట్టు ఉండేది. అగ్గిపుల్ల చేతిలో కాలిపోతుంటే గడప వైపు చూస్తూ నిలబడేది. అన్న పోయినట్టయితే, పాపం, తెలియక ఇక్కడే తిరుగుతున్నాడు. పోలేదంటే, ఇట్లా అనుకోవడమే పాపం. ఏడవకపోతే ఒక భయం, ఏడిస్తే ఇంకో భయం. ఆ రెంటి నడుమ ఆమె వయసంతా గడిచింది.

ఆ పాట తాండూరులో ఇంకా చాలామందికి వచ్చు. హోటల్లో నేర్చుకున్న వాళ్లందరూ ఆ ఎగురుడుతోనే పాడేవాళ్లు. దారిన బండివాడు ఎవడో పాడుకుంటూ పోతుంటే చేతిలో పని వదిలేసి వెంటపడేది. పట్టాల మీద పనిచేసే కూలీ ఈల వేస్తే కొంగు సర్దుకుంటూ పరుగెత్తేది. ఎగిరే చోటు వచ్చేదాకా ఊపిరి బిగపట్టి వినేది. పాట ఎగిరేది. నాలుక చప్పుడు మాత్రం వచ్చేది కాదు. ప్లేటు నుంచి నేర్చుకున్న వాడు నాలుక కొట్టడు. అది శివయ్యది. వాళ్లెవరూ ఆయన దగ్గర నేర్చుకున్న వాళ్లు కారు. "ఏందమ్మా?" అని వాళ్లు తిరిగి చూస్తే, "ఏం లేదు, మావోళ్లనుకున్న," అని వెనక్కి వచ్చేది.

అందుకే ఆమెకు కొత్త పాటలంటే అంత ఆత్రం. జనం పిచ్చి అనుకున్నారు గానీ అది పిచ్చి కాదు, మందు. యాభైల్లో తెలుగు సినిమాలు డేరాకు వరసగా వచ్చాయి. ఆ తర్వాత రైలు గేటు హోటల్లో గ్రామఫోను పోయి రేడియో వచ్చింది. గంతులేసే పాట ఏది దొరికినా బుగ్గమ్మ నోట్లో నింపుకునేది. దరువు గట్టిగా ఉండాలి, చటుక్కున మొదలై చటుక్కున ముగియాలి. ఏడుపు పాటలు ఆమెకు గిట్టవు. "మన ఇండ్లల్ల లేదా గది? పైకం గట్టి గూడ ఏడ్వాలెనా?" అనేది. ఒక పాట నోట్లో ఉన్నంతకాలం పాతది రాకుండా ఉండేది. అది అరిగిపోగానే, దీపాల వేళ, మళ్లీ అదే ఈల.

అరవై ఒకటో, అరవై రెండో. వికారాబాద్‌లో చుట్టాల ఇంట్లో పెళ్లికి వెళ్లి బుగ్గమ్మ ఒక్కతే తిరిగి వస్తోంది. పగటి పూట. తాండూరు రైలు ఆలస్యం. ప్లాట్‌ఫారం మీద చాయ్ అమ్మే మనిషి గ్లాసులు కడుక్కుంటూ కూనిరాగం తీస్తున్నాడు. ఆమె పట్టించుకోలేదు. ఇట్లాంటివి ఎన్ని వినలేదు. ఎగిరే చోటు వచ్చింది. ఆ మనిషి టక్కున నాలుక కొట్టి పాటను అవతలి నుంచి అందుకున్నాడు.

బుగ్గమ్మ మూట కింద పడింది. ఆమె పోయి అతని ఎదుట నిలబడింది.

"అన్నా, గా పాట యాడ నేర్చుకున్నవ్?"

అతని పేరు యాదగిరి. తలెత్తి చూసి, ఏదో ఊరికే అడుగుతోంది అనుకుని, "పాత పాట తల్లీ," అన్నాడు.

"పాట కాదు. నాలుక గొట్టినవ్ గద. అది ఎవలు నేర్పిండ్రు?"

అప్పుడతను చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. ఆమె ముఖం చూసి పక్కనున్న బల్ల మీద కూర్చోమన్నాడు. తానూ కూర్చున్నాడు.

"నలభై ఎనిమిదిల నేను గీడనే హమాలి పని జేస్తుంటి. ఒకనాడు రైలు దిగినోళ్లను, దారిన పోయేటోళ్లను కలిపి ఒక గోదాంల ఏసిండ్రు. ఎవలు, ఎందుకు అని అడగకు చెల్లే. మాకే ఎవ్వలు చెప్పలే. అందుల గొంగళ్లాయన ఒకడుండె. మూట ఇప్పి గొంగళ్లు తలా ఒకటి ఇచ్చిండు. బండల మీద పండుకొని మేమంత వణుకుతుంటిమి. ఆఖరుకు ఆయనకే లేకపాయె."

"పేరు?"

"గొంగళ్లాయన అనే పిలుస్తుంటిమి. మాది యాలాల అన్నడు. పొద్దుగూకంగనే గీ పాట అందుకుంటుండె. మాకు నవ్వొస్తుండె, జర ధైర్యం గూడ వస్తుండె. అందరం నేర్చుకుంటిమి. నాలుక గూడ అందరం గొడుతుంటిమి."

అతను పోయి కింద పడ్డ ఆమె మూట తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఆయనకు జరం వట్టింది. ఆఖరు పొద్దు గూడ పాడిండు. ఎగిరే కాడికి వచ్చి నాలుక గొట్టిండు. అవతల పాట రాలే. దుంకుతడని సూస్తున్నం మేము. రాలే." యాదగిరి తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "మిలిటరీ వచ్చినంక మమ్ములను ఇడిసిపెట్టిండ్రు. అప్పటిసంది నేను పాడుతనే ఉన్న. బంద్ వెడితె ఆయనను ఆడనే ఇడిసిపెట్టినట్టయితదని. నీకేమయితడు చెల్లే?"

"అన్న," అంది బుగ్గమ్మ.

రైలు వచ్చింది. యాదగిరి ఆమె మూట అందించాడు. పెట్టెలో కూర్చున్నాక గొంతులో పదమూడేళ్లుగా ఉన్నది పైకి పొంగింది. అక్కడే పెట్టవచ్చు శోకం. ఎవరు ఆపుతారు? కానీ తల్లికి తెలియకుండా పెట్టే శోకం శోకమెట్లా అవుతుంది? తల్లి ఉండగా అన్నను చెల్లెలు ఒక్కతే సాగనంపడమా? తాండూరులో దిగి ఇంటికి పోలేదు. నేరుగా యాలాల దారి పట్టింది.

బీరమ్మ అరుగు మీద కూర్చుని వడుకుతోంది. చూపు చాలా తగ్గింది. చేతులకు మాత్రం చూపు అక్కర్లేదు. బుగ్గమ్మ పక్కన కూర్చుంది. బీరమ్మ వడకడం ఆపి బిడ్డ ముఖం తడిమింది.

"ఏమన్న ఇన్నవా బిడ్డా?"

గూటానికి సగం గొంగడి వేలాడుతోంది. దుమ్మూ ధూళీ అంటకుండా ముసలామె రోజూ దులుపుతుందని చూస్తేనే తెలుస్తోంది.

"ఏం ఇనలేదవ్వా," అంది బుగ్గమ్మ.

బీరమ్మ చెయ్యి తీయలేదు. తడిసిన చెంప మీదే ఉంచింది.

"ఇనకు. నేనుండంగ ఏం ఇనకు. నేను పోయినంక నీ ఇష్టం," అని మళ్లీ ఉన్ని అందుకుంది.

తల్లికి ఎంత తెలుసో బుగ్గమ్మ ఎన్నడూ అడగలేదు. మల్లయ్యకు కూడా చెప్పలేదు. పాట మాత్రం ఊరుకోలేదు. మునుపు వచ్చినప్పుడల్లా ఆమె గడప వైపు ఆశగా చూసేది. ఇప్పుడు చూడలేకపోయేది. అన్నకు సంగతి తెలియదు, తనకు తెలుసు. తెలిసీ చెప్పకుండా గడప అవతల నిలబెట్టింది. దీపాల వేళ ఈల దగ్గరికొచ్చి, నాలుక చప్పుడైన చోటే ఆగిపోయేది. అవతల ముక్క రాదు. ఆమె దాన్ని పూర్తి చేద్దామని నోరు తెరిచేది, ధైర్యం చాలేది కాదు. "జర ఆగన్నా, అవ్వ ఉన్నది," అని గొణుక్కునేది. ఎవరితో మాట్లాడుతున్నావని బిడ్డ మొగులమ్మ అడిగితే పొయ్యితో అనేది.

ఆ తర్వాత మూడో వానాకాలంలో బీరమ్మ పోయింది. పెద్ద వయసు, ఎవరినీ బాధ పెట్టని చావు. యాలాలలో ఇల్లు నిండా ఆడవాళ్లు కూర్చున్నారు. బుగ్గమ్మ తల్లి కాళ్ల దగ్గర కూర్చుని శోకం అందుకుంది. మొదట బాగానే ఉంది. అందరూ పెట్టే రాగమే. "అవ్వా, నీ వడుకు ఎవలకు అప్పజెప్పి పోయినవే, అవ్వా, నా తల ఎవలు నిమురుతరే." తోటి ఆడవాళ్లు గొంతు కలిపారు.

అంతలో రాగం జారింది. ఆమె కావాలని జార్చలేదు, అదే జారింది. మాటలు శోకంవే, వరస మాత్రం రైలు గేటు హోటల్లోది. కాళ్లు ఆడించే దరువు. కలిపిన గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. "ఇదేం పాడు బుద్ధే, తల్లి పీనుగ ముంగట సినిమా పాట," అని ఒకామె పక్కామెతో అంది. బయట నుంచి మల్లయ్య వచ్చి భుజం పట్టుకుని, "ఓ బుగ్గీ, నలుగురు ఇంటున్నరు," అన్నాడు. సిగ్గుతో ఆయన ముఖం నల్లబడింది. బుగ్గమ్మ ఆగలేదు. ఆగడం ఆమె చేతుల్లో లేదు.

"అవ్వా, నువ్వు పోయే తావుల అన్నున్నడే, గొంగళ్లన్ని పంచిపెట్టి చలికి వణుకుతుండే, నీ కొడుకు కప్పుకోను లేకపాయెనే, అవ్వా."

ఎగిరే చోటు వచ్చింది. ఆమె టక్కున నాలుక కొట్టింది.

మూలన కూర్చున్న శాంతవ్వ, బీరమ్మ ఈడుది, పక్కింటిది, శివయ్య మగ్గం చప్పుడు రోజూ విన్నది, గోడ పట్టుకుని లేచింది. వచ్చి బుగ్గమ్మ పక్కన కూలబడింది.

"పోయిండా?" అంది.

బుగ్గమ్మ తల ఊపింది.

"కొడుకా శివయ్యా," అని శాంతవ్వ శోకం పెట్టింది. అదే వరసలో పెట్టింది. ఆ వీధి వాళ్లకు అది వచ్చు. ఒకరి తర్వాత ఒకరు అందుకున్నారు. పదహారేళ్లుగా ఎవరి నోటా రానివ్వని ఏడుపు ఆ ఇంట్లో కప్పు అదిరేలా లేచింది. ఆ చోటు వచ్చినప్పుడల్లా ముసలివాళ్లందరూ నాలుక కొట్టారు. మల్లయ్య గూటం మీది సగం గొంగడి దించి అత్త మీద కప్పాడు. అది కాళ్లదాకా రాలేదు.

ఆ రోజు తర్వాత దీపాల వేళ ఏ ఈలా రాలేదు. మొదట్లో బుగ్గమ్మకు ప్రాణం తేలికపడింది. తర్వాత దిగులు పట్టుకుంది. పాటను తానే తెచ్చుకుందామని చూసింది. రాలేదు. ఎట్లా మొదలవుతుందో కూడా నోటికి అందలేదు. అన్నను సాగనంపితే పాటను కూడా వెంట తీసుకుపోతాడని ఆమె అనుకోలేదు. కొత్త పాటల మీద కూడా ఆత్రం పోయింది. అంట్లు తోముతుంటే అంట్ల చప్పుడే వినిపించేది.

ఇంకో రెండేళ్లకు, మొగులమ్మతో కలిసి బజారు నుంచి వస్తుండగా, రైలు గేటు హోటల్లో రేడియో పాత పాటలు వేస్తోంది. మొగులమ్మ చెయ్యి పట్టి ఆపింది.

"అవ్వా, గిది నీ పాట గద."

అదే. బుగ్గమ్మ గంప దించి హోటలు గోడకు ఆనుకుని నిలబడింది. మొదటి చరణం, దరువు, రెండో చరణం. ఆ చోటు వచ్చింది. ఆమె నాలుక దానంతటదే టక్కుమంది.

పాట ఎగరలేదు. గీత లేని ప్లేటు అది. నడుమ ముక్క నింపాదిగా, తీయగా, ఏ తొందరా లేకుండా సాగింది. ఆ ముక్క వినడం బుగ్గమ్మకు అదే మొదలు. పాట అంతటిలోకీ అదే బాగుంది.

"మస్తుగున్నదవ్వా," అంది మొగులమ్మ. "నడుమ గీ ముక్క గూడ ఉండెనా?"

"ఉండెనట బిడ్డా," అంది బుగ్గమ్మ. "మీ మామ ఇనకనే పాయె."